చెప్పు కాటు: తంగేడు చెక్క నుంచి నియోప్రీన్ వరకు

2022 వరకు విశాఖపట్నం జిల్లాలో ఉండి నేడు అనకాపల్లి జిల్లాకు చెందిన రావికమతం వంటి పల్లెల్లో, తోలు అంచు ఒరుసుకొని పాదం బొబ్బలెక్కడాన్ని చెప్పు కరవడమనే అంటారు. తెలుగునాట పాదరక్షల తయారీ ప్రధానంగా మాదిగ కులస్థుల సంప్రదాయ చేతివృత్తి. సున్నపునీట నానబెట్టి వెంట్రుకలు తీసిన తోలును తంగేడు చెక్క, అనగా బెరడు, కషాయంలో ఊరబెడితే, అందలి టానిన్ అనే వగరు పదార్థం తోలును కుళ్లనీయక గట్టిపరుస్తుంది, ఆ గట్టిదనమే కొత్తలో కాలిని కరుస్తుంది గనుక ఆముదం పట్టించి మెత్తబరిచేవారు. ఇంతటి పదార్థజ్ఞానం గలవారినే అగ్రవర్ణాల వీధుల్లో చెప్పులు విడిచి నడవమనడం ఈ చరిత్రలో క్షమించరాని అన్యాయం.

విశాఖపట్నంలోని రుషికొండ తీరాన స్కూబా డైవింగ్, అంటే గాలి సిలిండరుతో నీటి అడుగున ఈదడం, మొదలయ్యాక, కాళ్లకు తొడిగే ఈతరెక్కల ఒరిపిడితో అదే సమస్య మరో రూపంలో ఎదురైంది. నీటిలో నానిన చర్మం ఒరిపిడికి త్వరగా లొంగుతుంది, ఇసుక రేణువు చిక్కితే గాయం తప్పదు. అందుకే మడమ తెరిచి ఉండే ఈతరెక్కల లోపల, 1930లో అమెరికాలో రూపొందిన నియోప్రీన్ అనే కృత్రిమ రబ్బరు బూట్లు తొడుగుతారు. అవి వేళ్లను నొక్కకుండా, మడమ వద్ద జారకుండా అమరాలి.