పాత్ర

సంస్కృతంలో ‘పా’ ధాతువుకు తాగడమని అర్థం. తాగడానికి వాడేది పాత్ర. గిన్నెకున్న ఆ పేరే దేన్నైనా అందుకోదగిన మనిషికీ వచ్చింది: కృపాపాత్రుడు, అపాత్రదానం. నాటకంలో వేషానికీ అదే మాట.

‘నేనెలాంటి మనిషిని?’ అనే ప్రశ్నకు స్విస్ మనస్తత్వవేత్త యూంగ్ మూలరూపాల్లో (ఆర్కిటైప్స్‌లో) జవాబు వెతికాడు. నేనైతే ముందు విరాటపర్వం చదవమంటాను. 13వ శతాబ్దిలో, పెన్న ఒడ్డున నెల్లూరులో, మనుమసిద్ధి మంత్రి తిక్కన భారతాన్ని తెలుగు చేయడానికి అందుకున్నది ఆ పర్వం నుంచే.

పాండవుల ఏడాది అజ్ఞాతవాసానికి ఎవరు ఏ పాత్ర ఎంచుకున్నారో చూడండి. జూదంలో సర్వం పోగొట్టుకున్న ధర్మరాజు, రాజుతో పాచికలాడే కంకుభట్టయ్యాడు. తిండి ప్రియుడు భీముడు వంటశాల చేరాడు. అర్జునుడు ఊర్వశి శాపాన్నే వేషంగా మలచుకుని బృహన్నలయ్యాడు. ఇక ద్రౌపది! నిండు సభలోకి జుట్టు పట్టి ఈడ్వబడిన మనిషి, మరో రాణికి తల దువ్వే సైరంధ్రి అయింది. ఇది తలచుకున్నప్పుడల్లా నాకు గుండె బరువెక్కుతుంది. దాక్కోవడానికి వెళ్లినవాళ్లు తమ బలాన్నీ గాయాన్నీ వెంట తీసుకెళ్లారు.

మనల్ని మనం తరచి చూసుకోవడానికి ఇంతకన్నా మంచి ప్రశ్న నాకు దొరకలేదు: ఏడాదిపాటు పేరు మార్చుకుని బతకాల్సి వస్తే, ఏ పని అడుగుతాం?