డిచ్‌పల్లి వైద్యాలయము: స్వస్థత తరువాతి ప్రశ్న

కుష్ఠువ్యాధిని పేరెత్తి పలుకుటకు జంకి మన పెద్దలు ‘పెద్దరోగ’మనెడివారు. అది సోకినవారికి ఇల్లువాకిలి, బంధువర్గము, గుడి అన్నియు దూరమయ్యెడివి.

నిజాం రాజ్యములో వీరి దురవస్థను చూచి పూనుకొన్న వైద్యురాలు ఇసబెల్ కెర్. స్కాట్లండు దేశస్థురాలైన ఆమె, భర్త జార్జి కెర్‌తో కలిసి 1907లో మెథడిస్టు మిషను పక్షమున హైదరాబాదు సంస్థానమునకు వచ్చినారు. 1911లో నిజామాబాదులో కుష్ఠురోగుల సేవ ప్రారంభించి, 1915లో డిచ్‌పల్లిలో విక్టోరియా వైద్యాలయమును నెలకొల్పినారు. హిందువైన నరసా గౌడ్ అందుకు ధనసహాయము చేసినారు. రోగి యెడల కరుణకు మతభేదము అడ్డు రాలేదన్నమాట.

ఆనాటి చికిత్స చాల్‌మూగ్ర జాతి గింజల నూనెను సూదితో ఎక్కించుట. అది మిక్కిలి బాధాకరము; నెలల తరబడి సాగవలసినది. డిచ్‌పల్లిలో పనిచేసిన వైద్యుడు జాన్ లో, తరువాత నైజీరియాకు వెళ్ళి, 1940వ దశాబ్ది చివర డాప్సోన్ బిళ్ళలతో రోగులకు చికిత్స చేసినారు. 1981లో ప్రపంచ ఆరోగ్య సంస్థ బహుళ ఔషధ చికిత్సను సూచించినది. ఒకనాటి అసాధ్యరోగము సాధ్యమైనది.

కాని మందు క్రిమిని చంపగలదే గాని, చచ్చిన నరమునకు ప్రాణము పోయలేదు. స్పర్శ లేని చేయి పొయ్యిమీది గిన్నెను పట్టుకొని కాలినను ఎరుగదు. వ్రేళ్ళు వంకరపోవును. రోగము పోయినను దాని గురుతు మిగులును. లోకము ఆ గురుతునే రోగమనుకొనును. వైద్యాలయము ఆశ్రయమే, అయినను ఊరికీ రోగికీ నడుమ అదియొక ప్రాకారము కూడ.

చట్టము ఈ సంగతిని ఆలస్యముగా గుర్తించినది. 1898 నాటి కుష్ఠురోగుల చట్టము 2016లో రద్దయినది. ఆ యేటి వికలాంగుల హక్కుల చట్టము కుష్ఠు నయమైనవారిని కూడ తన పరిధిలో చేర్చినది. ఈ వ్యాధి విడాకులకు కారణము కారాదని 2019లో మరియొక చట్టము వచ్చినది.

ఇక సంఘము మాటేమి? సువార్తలో యేసు కుష్ఠురోగిని ముట్టి బాగుచేసి, యాజకునికి కనబరచుకొమ్మని పంపినారు. మోషే ధర్మశాస్త్రము ప్రకారము యాజకుడు చూచి ఒప్పుకొన్న పిదపనే అతడు తిరిగి జనములో చేరగలడు. స్వస్థతతో పని ముగియలేదు, చేర్చుకొనుట మిగిలియున్నది. పెద్దవంగర వంటి మన పల్లెలలో వంకరపోయిన వ్రేళ్ళతో ఒకరు ఆరాధనకు వచ్చినపుడు, చాపమీద ప్రక్కన చోటిచ్చి, ప్రభు సంస్కారపు రొట్టెను అదే పళ్ళెములోనుండి అందించుట మన వంతు.