కాగితపు తెలుపు, ఖనిజపు ఎరుపు: నీటిరంగుల వాస్తవికతలో భిలాయి

కంటికి కనిపించిన దృశ్యాన్ని కొలతలూ వెలుగునీడలూ తప్పకుండా, నీటిలో కలిపిన పారదర్శకమైన రంగులతో కాగితం మీదికి తెచ్చేదే వాస్తవిక నీటిరంగుల చిత్రం. తైలవర్ణ చిత్రకారుడు ముదురు రంగు మీద తెల్లరంగు దిద్ది వెలుగును తరువాతనైనా తెచ్చుకోగలడు. నీటిరంగులలో కాగితపు తెలుపే వెలుగు కనుక, ఒకసారి మూసుకుపోయిన వెలుగును తిరిగి రాబట్టడం చాలా కష్టం. అందువల్ల ఈ కళలో కూర్పు, అంటే చిత్రంలోని భాగాలను పొందికగా అమర్చే పని, ఏది రంగు వేయకుండా విడిచిపెట్టాలో నిర్ణయించుకోవడంతోనే మొదలవుతుంది.

తెలుగునేలలో ఈ పద్ధతి తొలినాళ్లలో సర్వేపనికి తోడుగా నిలిచింది. 1815లో భారత సర్వేయర్ జనరల్‌గా నియమితుడైన కాలిన్ మెకంజీ తన చిత్రకారుల చేత అమరావతి స్తూపశిల్పాలను సిరాతోనూ పలుచని రంగుపూతలతోనూ కొలతల ప్రకారం గీయించాడు. ఆ తరువాత 1850లో మద్రాసులోనూ, 1857లో బొంబాయిలోనూ వెలసిన కళాశాలలు ఈ రచనను పాఠ్యాంశంగా నిలబెట్టాయి. రాజమండ్రి ప్రభుత్వ కళాశాల ప్రిన్సిపాల్, స్వయంగా చిత్రకారుడు అయిన ఆస్వాల్డ్ కూల్డ్రే ప్రోత్సాహంతో బొంబాయి జె.జె. కళాశాలలో చదివిన దామెర్ల రామారావు, 1925లో 28 ఏళ్లు నిండకముందే కన్నుమూసినా, గోదావరి కొండలనూ జలాలనూ చిత్రించి, శిక్షణలో నేర్చిన వాస్తవికతను తన నేల వెలుగుకు అనువుగా మలచుకోవచ్చని నిరూపించాడు.

ఆ పాఠాన్ని మరో నేల మీద పరీక్షించి చూడదగిన చోటు ఛత్తీస్‌గఢ్‌లోని భిలాయి. 1955 ఫిబ్రవరి 2న కుదిరిన భారత్-సోవియట్ ఒప్పందంతో రూపుదిద్దుకుని, 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ మొదటి బ్లాస్ట్ ఫర్నేస్‌ను, అంటే ఖనిజం నుంచి ఇనుమును రాబట్టే కొలిమిని, ప్రారంభించడంతో ఉత్పత్తిలోకి వచ్చిన ఈ ఉక్కునగరం, ఎన్నో తెలుగు కుటుంబాలకు కూడా బతుకుతెరువు చూపింది. విశాలమైన వరిమళ్ల మైదానం మీద క్షితిజరేఖ, అంటే నింగీ నేలా కలిసినట్టు కనిపించే గీత, సమతలంగా సాగుతుంటే, పొగగొట్టాలూ ఫర్నేసులూ దాన్ని నిలువునా ఖండిస్తాయి. ఈ అడ్డగీత నిలువుగీతల ఘర్షణలోనే ఇక్కడి దృశ్యానికి కూర్పు సిద్ధంగా ఉంటుంది.

బొగ్గును గాలి తగలకుండా వేడిచేసి కోక్‌గా మార్చే కోక్ అవెన్ నుంచి బయటికి నెట్టిన ఎర్రని కోక్ మీద నీళ్లు కుమ్మరించినప్పుడు లేచే ఆవిరిమేఘాన్ని ఉదాహరణగా తీసుకుంటే, దాన్ని తెల్లరంగుతో వేయనవసరం లేదు. మేఘం ఉండవలసిన మేర కాగితాన్ని పొడిగా విడిచి, చుట్టూ ఆకాశపు పూతను తడిమీద పరచి, అంచులలో కొన్నిచోట్ల తడికుంచెతో మెత్తబరచి, కొన్నిచోట్ల పదునుగానే వదిలితే, ఆవిరి తనంతట తానే పైకి లేస్తుంది. వెనుకనున్న షెడ్లను నీరు ఎక్కువ కలిపిన పలుచని బూడిదరంగుతో వేస్తే, దూరం పెరిగేకొద్దీ రంగులు వెలిసినట్టు కనిపించే గాలితెర కూడా ఏర్పడుతుంది. ఆ బూడిదరంగుకు నలుపు అక్కరలేదు. అల్ట్రామెరైన్ నీలంలో బర్ంట్ సియెన్నా అనే కాల్చిన మట్టిరంగు కలిపితే చాలు.

ఆ మట్టిరంగుకు ఎరుపునిచ్చేది ఐరన్ ఆక్సైడ్, అంటే ఇనుముతో ఆక్సిజన్ కలిసిన పదార్థం. దల్లీ-రాజహరా గనుల నుంచి భిలాయికి చేరిన హెమటైట్ ఖనిజం కూడా ఆ పదార్థమే. కొలిమి దానిలోని ఆక్సిజన్‌ను విడదీసి ఇనుమును రాబడితే, చిత్రకారుడు దాన్ని ఆక్సైడుగానే ఉంచి, నీటిలో కలిపి కాగితం మీద పరుస్తాడు. ఉక్కునగరపు వాస్తవిక చిత్రంలో ఆ ఎరుపు పోలికకోసం తెచ్చుకున్న రంగు మాత్రమే కాదు, ఆ ఊరిని నిలబెట్టిన పదార్థం కూడా. దాని పక్కన విడిచిపెట్టిన కాగితపు తెలుపు ఆ ఊరి ఆవిరికీ పగటివెలుగుకూ చోటిస్తుంది.