ఓడ ఊరికి రాని రోజులు

దగ్గరికి జరగండర్రా, చలి ముదురుతోంది. ఆ ఎండు మట్టలు ఇంకో రెండు మంటలో వెయ్యండి. పాత విశాఖపట్నం ఫోటోల్లో ఓడలన్నీ అంత దూరంగా ఎందుకున్నాయి తాతా అని కదా అడిగారు? మంచి మాటే అడిగారు. మన ఊరి కథంతా ఆ దూరంలోనే ఉంది.

అప్పట్లో ఓడ ఊరికి వచ్చేది కాదు, ఊరే ఓడ దగ్గరికి వెళ్లేది. మీరు చూస్తున్న హార్బరు 1933లో తెరిచారు. అంతకుముందు యారాడ కొండ పక్కన ఉప్పుటేరు, దాని మూతి దగ్గర ఇసక మేట. చిన్న నావలు పోటు చూసుకుని లోపలికి దూరేవి. పెద్ద ఓడకి ఆ లోతు చాలదు. అందుకని స్టీమరు ఎదర సముద్రంలోనే లంగరు దించేది. బస్తా అయినా, బైరాగి అయినా, కలెక్టరు దొర అయినా పడవెక్కి కెరటాలు దాటాల్సిందే.

ఆ పడవ మామూలు పడవ కాదు. దొరలు మసులా బోటు అనేవారు. మొత్తం పడవలో ఒక్క ఇనప మేకు ఉండదు. పలకకి పలక ఆనించి, అంచుల వెంట బెజ్జాలు తొలిచి, కొబ్బరి తాడుతో కుట్టేసేవారు. నీరు దిగకుండా కుట్టు కింద గడ్డీ పీచూ కూరేవారు. అలా ఎందుకంటే, మేకులు కొట్టి బిగించిన పడవ కెరటం విసురుకి ఇసకని గుద్దుకుంటే పలకలు పగిలిపోతాయి. కుట్టిన పడవ వంగుతుంది, దెబ్బ ఒక్కచోట తగలకుండా ఒళ్లంతా పంచుకుంటుంది. నీళ్లు మాత్రం ఊరుతూనే ఉంటాయి. అవి తోడిపొయ్యడానికి ఒక మనిషి ఎప్పుడూ ఉండాల్సిందే.

మా తాత అలాంటి పడవ మీద తెడ్డు వేశాడు. వెనకాల నిలబడి పొడుగాటి తెడ్డుతో దారి పట్టేవాడు తండేలు. కెరటాలు విరిగే చోటికి వచ్చాక తండేలు నోటంట మాట వచ్చేదాకా ఎవడూ తెడ్డు కదపకూడదు. పెద్ద కెరటాలు వరసగా వచ్చి, ఆ తరవాత కాస్త తెరిపినిస్తాయి. ఆ తెరిపిని కనిపెట్టడమే అసలు విద్య. అరిచాడా, అందరూ ఒక్కసారే లాగాలి. పడవ కాస్త అడ్డం తిరిగిందంటే బోర్లా పడినట్టే. తిరిగొచ్చేటప్పుడు ఇంకా కష్టం, కెరటం వెనకనించి తరుముకొస్తుంది. దాని వీపు మీద ఒదిగి రావాలి గానీ దాని ముందుకి పోకూడదు. “సముద్రం మీద బలం చూపించకూడదురా, ఓపిక చూపించాలి” అనేవాడు తాత.

ఆ పడవల మీదే మన నేల పంట దేశాలకి వెళ్లింది. బెల్లం, నువ్వులు, కరక్కాయలు, తోళ్లు. మన గోగునార అయితే భీమిలి రేవు పేరుతోనే, బిమ్లి జూటని, దేశదేశాల బజారుల్లో అమ్ముడయ్యేది. 1890ల్లో విజయనగరం వైపు మాంగనీసు గనులు మొదలయ్యాక ఆ నల్లరాయి కూడా తోడయింది. ఓడ పక్కన పడవ ఒక నిమిషం పైకి లేస్తుంది, మరు నిమిషం కిందికి పడుతుంది. ఆ ఊపులోనే సరుకు అందించాలి. చెయ్యి ఓడకీ పడవకీ మధ్య పడితే నుజ్జే.

మనుషులు కూడా అలాగే వెళ్లేవారు. మన గంజాం, విశాఖపట్నం, గోదావరి జిల్లాల నించి ఎంతమంది రంగం వెళ్లారో! మీరు రంగూన్ అంటారు, మాకది రంగమే. వరికోతలకి, బియ్యం మిల్లులకి, రేవు పనులకి. బ్రిటిష్ ఇండియా కంపెనీ స్టీమర్లు ఉండేవి. ఆ కంపెనీ 1856లో కలకత్తాకీ బర్మాకీ ఓడలు నడపడానికే పుట్టింది, 1862లో పేరు మార్చుకుంది. మూట నెత్తిన పెట్టుకుని, పిల్లని చంకనేసుకుని, ఊరు దాటి ఎరగని ఆడకూతురు ముందు మా తాత పడవెక్కి, ఆ తరవాత ఓడెక్కేది. ఆ తల్లుల్లో కొందరు తిరిగి రాలేదు. వాళ్లు మన నేల మీద చివరిసారి తొక్కింది ఆ ఒడ్డు ఇసకే.

ఆ ఓడల కోసమే డాల్ఫిన్ నోసు కొండ మీద అప్పుడొక జెండా కర్ర ఉండేది. గోడే వెంకట జగ్గారావు గారని గొప్ప జమీందారు, నక్షత్రాల శాస్త్రం చదువుకున్నవారు. 1840 ప్రాంతంలో మన ఊళ్లోనే సొంతంగా వేధశాల కట్టించారు. ఆ కొండ మీద జెండాతో ఓడలకి సరైన టైము తెలియజేసేవారు. నడిసముద్రంలో తామెక్కడున్నామో లెక్క కట్టుకోవాలంటే గడియారం సరిగ్గా ఉండాలి మరి. ఆయన తరవాత అల్లుడు అంకితం వెంకట నరసింగరావు గారు ఆ వేధశాల నడిపారు. 1874లో శుక్రుడు సూర్యుడికి అడ్డంగా పోవడం ఇక్కణ్నించే చూశారు. మన రేవుకి చెమటే కాదు, చదువూ ఉండేదని మీరు తెలుసుకోవాలి.

ఇప్పుడు ఫోటోల సంగతి. నేను కుర్రాడిగా ఉన్నప్పుడు వన్ టౌన్లో ఒక స్టూడియోలో డార్క్‌రూం పని చేశాను. ముసలి యజమాని దగ్గర పాత గాజు పలకలుండేవి. ఆయన నేర్పిందే మీకు చెప్తున్నాను.

విక్టోరియా రాణి కాలంలో ఫోటో తియ్యడమంటే పెద్ద తతంగం. గాజు పలక మీద మందు పూసి, తడి ఆరకముందే కెమెరాలో పెట్టి తీసి, తడి ఆరకముందే కడగాలి. అందుకని చీకటి గుడారం, సీసాలు, గాజులు అన్నీ కూలీల నెత్తిన రావాలి. మన ఎండకి పలక చప్పున ఆరిపోతుంది. ఒడ్డున ఇసక, ఉప్పుగాలి. లెన్సు మూత తీసి అంకెలు లెక్కపెట్టి మళ్లీ మూసేవారు. ఆ కాసేపట్లో కదిలిందల్లా చెరిగిపోతుంది. అందుకే ఆ ఫోటోల్లో కెరటాలు మంచులా ఉంటాయి. పడవలు చాలావరకు ఒడ్డున బోర్లించో, ఇసక మీద నిలిపో ఉంటాయి.

ఇంకో సంగతి. ఆ మందుకి నీలం బాగా తగులుతుంది, ఎరుపూ పసుపూ సరిగా తగలవు. అందుకే ఆకాశం తెల్లకాయితంలా, ఒక్క మబ్బు కూడా లేకుండా వస్తుంది. ఎర్రమట్టి నల్లగా వస్తుంది. ఎండలో కాగిన మన మనుషుల ఒళ్లు ఉన్నదానికంటే నలుపుగా, ముఖాలు పోల్చుకోలేనట్టు వస్తాయి. 1880ల్లో పొడి పలకలొచ్చాకే విరిగే కెరటాన్నీ, ఎత్తిన తెడ్డునీ పట్టగలిగారు.

ఏటి జరిగిందో చూశారా? నిలబడినవన్నీ నిలిచాయి. కొండ నిలిచింది, లంగరేసిన ఓడ నిలిచింది, కుర్చీలో కూర్చున్న దొర నిలిచాడు. ఊరిని మోసినవాళ్లు కదిలేవాళ్లు కాబట్టి మసకైపోయారు. ఫోటో అట్ట మీద ఊరి పేరు రాశారు, తెడ్డు వేసినవాడి పేరు రాయలేదు. నాకు కడుపు మండేది అక్కడే.

తరవాత రోజులు మారాయి. 1890ల్లో కోస్తా వెంట రైలు పడ్డాక తీరం ఓడల బేరం తగ్గింది. బెంగాల్ నాగపూర్ రైల్వే వాళ్లు ఉప్పుటేరు తవ్వి హార్బరు కట్టారు. కెరటాన్ని ఆపడానికి రెండు పాత ఓడల్ని రాళ్లతో నింపి ముంచేశారు. 1933 అక్టోబరు 7న జలదుర్గ ఓడ లోపలికొచ్చింది. మా తాత ఒడ్డున నిలబడి చూశాడట. ఊరికి మంచిదని తెలుసు, తన తెడ్డుకి పని పోయిందనీ తెలుసు. రెండూ నిజమే. ఆ రేవు వచ్చింది కాబట్టే 1941లో షిప్‌యార్డుకి పునాది పడింది, 1948లో అక్కడ కట్టిన జలఉష ఓడ నీళ్లలోకి దిగింది, ఆ తరవాత ఉక్కు ఫ్యాక్టరీ వచ్చింది. మీ నాన్నల జీతాలకి మొదలు అదే.

అందుకని ఇక నించి పాత ఫోటో కనబడితే ఓడని చూసి ఊరుకోకండి. కొండ వాలు చూసి ఏ రేవో పోల్చండి. రాస్ హిల్ మీద చర్చి ఉంటే 1860లకి ముందుది కాదని తెలుస్తుంది. పడవ పలకల మధ్య కుట్లున్నాయేమో వెతకండి. మసకగా ఉన్న మనుషుల్ని లెక్కపెట్టండి. జాలారిపేట పెద్దల దగ్గరికి తీసుకెళ్లి చూపించండి, వాళ్ల కంటికి మనకి కనబడనివి కనబడతాయి.

రేప్పొద్దున్న అటక మీద పెట్టె దించుదాం. మనింటి ఫోటోలన్నిటి వెనకా పెన్సిలుతో రాయాలి: ఎవరు, ఏ రేవు, ఏ పని. పేర్లు నేను చెప్తాను, రాత మీది.