తరవాణి కుండ, సాకే తొట్టి

సౌదీ అరేబియాలో మద్యం నిషిద్ధం. కాబట్టి జపానువారి సాకేతో నాది పుస్తక పరిచయమే. ఈ వేసవిలో, బయట ఎండ నిప్పులు చెరుగుతుండగా, తోక్యో విశ్వవిద్యాలయంలో పనిచేసిన ఆంగ్ల రసాయనశాస్త్రజ్ఞుడు రాబర్ట్ విలియం అట్కిన్సన్ 1881లో ప్రచురించిన ‘ది కెమిస్ట్రీ ఆఫ్ సాకే బ్రూయింగ్’ చదివాను.

సాకేకు మూలం బియ్యం. ఆవిరిపై ఉడికిన అన్నంమీద పెంచిన కోజీ అనే బూజు పిండిపదార్థాన్ని చక్కెరగా మారుస్తుంది. ఈస్టు ఆ చక్కెరను మద్యం చేస్తుంది. కిమోతో అనే పాత పద్ధతిలో వీటికి తోడు లాక్టిక్ ఆమ్ల బాక్టీరియా ఉంటుంది. అది పుట్టించే పులుపు చెడు సూక్ష్మజీవులను అణచి, ఈస్టుకు దారి సుగమం చేస్తుంది.

చలికాలంలో తయారైన సాకేకు అసలు పరీక్ష వేసవి. ఎండలకు అది పులిసి, మబ్బు పట్టి, పాడైపోయేది. దీనికి వారు కనిపెట్టిన విరుగుడు, సుమారు 60 డిగ్రీల సెల్సియస్ వరకు వెచ్చబెట్టి నిల్వచేయడం. నారాలోని కోఫుకుజి ఆలయానికి చెందిన తామోనిన్ మఠంలో 1478 నుంచి 1618 వరకు రాసిన దినచర్యలో ఈ పద్ధతి 16వ శతాబ్దంలోనే నమోదైంది. ద్రాక్షసారాయిని వెచ్చబెట్టే విధానానికి పాశ్చర్ పేటెంటు పొందినది 1865లో! కారణం చెప్పిన ఘనత నిస్సందేహంగా పాశ్చర్‌దే. కానీ ఫలితం తెలిసినవారు ఉష్ణమాపకం లేకుండా, వేలితో వేడిని అంచనా కడుతూ, మూడు శతాబ్దాలు ముందే పని కానిచ్చారు. ఇప్పుడు వేసవికోసం వెచ్చబెట్టని సాకేను కూడా చల్లగా అమ్ముతున్నారు. నిప్పు చేసే పనిని శీతల యంత్రం చేస్తోంది.

చదువుతున్నంతసేపూ నాకు మా అమ్మమ్మ వంటింటి మూల ఉండే తరవాణి కుండ గుర్తుకొచ్చింది. అందులోనూ అన్నమే, గంజే, ఆ లాక్టిక్ బాక్టీరియాయే. అయితే కోజీ లేదు కనుక ప్రయాణం మద్యందాకా సాగక, చల్లని పులుపు దగ్గరే ఆగేది. వేసవి ఉదయం ఉప్పు కలిపిన ఆ తేటను తాగితే ఒళ్ళంతా సేదతీరేది. కుండ ఎప్పుడు బాగుందో, ఎప్పుడు చెడిందో అమ్మమ్మ వాసన చూసి చెప్పేది.

సాకే తయారీదారుల వేలికున్న జ్ఞానం మఠం దినచర్యలోకి ఎక్కింది. అమ్మమ్మ ముక్కుకున్న జ్ఞానం ఆమెతోనే పోయింది. వైద్యవిద్యలో సూక్ష్మజీవశాస్త్రం చదువుతున్న రోజుల్లోనైనా నేను ఆ కుండ గురించి ఆమెను ఒక్క ప్రశ్న అడగలేదు. అప్పుడది నాకు పాతకాలపు అలవాటుగా తోచింది, అంతే.

మీ ఇంట తరవాణి పెట్టడం తెలిసినవారు ఇంకా ఉంటే, ఈ వేసవిలోనే వారిని అడిగి, కొలతలతో సహా రాసి ఉంచండి.