స్త్రీ జననాంగ ఛేదన: ఈజిప్టు యువతుల అవగాహన, వైఖరి

వైద్యపరమైన అవసరమేమీ లేకుండా బాలికల బాహ్య జననాంగాలను కొంతమేర గానీ పూర్తిగా గానీ కోసివేయడాన్ని స్త్రీ జననాంగ ఛేదన అంటారు. ఈజిప్టులో దీని వాడుక పేర్లు ‘ఖితాన్’, ‘తహారా’. 2015 నాటి ప్రభుత్వ ఆరోగ్య సర్వే ప్రకారం అక్కడ 15–49 ఏళ్ల స్త్రీలలో 87 శాతం మందికి ఇది జరిగింది. సాధారణంగా పదేళ్ల ప్రాయంలో చేయిస్తారు. నిర్ణయం పెద్దవాళ్లది, ముఖ్యంగా తల్లి, అమ్మమ్మ, నాయనమ్మలది. పిల్ల ఇష్టాన్ని ఎవరూ అడగరు.

ఈ ఆచారం గురించి వినని యువతి ఈజిప్టులో దాదాపు ఉండదు. కానీ అది తన ఒంటికి చేసిన హాని ఎంతో అందరికీ తెలియదు. రక్తస్రావం, చీము పట్టడం, మూత్ర సమస్యలు, కాన్పు కష్టాలు, దాంపత్యంలో నొప్పి దీని పర్యవసానాలు. అయితే చుట్టూ ఉన్న ఆడవాళ్లందరి అనుభవమూ అదే కావడంతో, ఇవన్నీ ఆడపుట్టుకతో వచ్చే బాధలేనని చాలామంది సరిపెట్టుకుంటారు.

సమర్థించేవారు చెప్పే కారణాలు శుభ్రత, శీలం, పెళ్లి, మతం. వీటిలో మతం మాట నిలవదు. ముస్లింలతో పాటు కాప్టిక్ క్రైస్తవుల్లోనూ ఈ ఆచారం ఉంది. క్రీస్తుపూర్వం 163 నాటి ఒక గ్రీకు పపైరస్‌లోనే ఈజిప్టు బాలికకు దీన్ని జరిపించే ప్రస్తావన కనిపిస్తుంది. ఇస్లాం మూల ధర్మశాస్త్రంలో దీనికి ఆధారం లేదని ఈజిప్టులోని ప్రముఖ ఇస్లామిక్ విద్యాసంస్థ అల్-అజ్హర్ పరిశోధనా మండలి 2007లో ప్రకటించింది. పెళ్లి భయం మాత్రం అంత తేలిగ్గా పోదు. తన కూతురు ఒక్కతే వేరుగా మిగిలితే సంబంధం కుదరదేమోనని తల్లి బెంగ. అందుకే తాను బాధపడినా, కూతురికీ అదే చేయిస్తుంది.

అయినా వైఖరి మారుతోంది. 1995లో పెళ్లయిన స్త్రీలలో 82 శాతం మంది ఇది కొనసాగాలన్నారు. ఇరవై ఏళ్లకు ఆ మద్దతు సగాన్ని కాస్త మించిన స్థాయికి దిగింది. 15–17 ఏళ్ల బాలికల్లో ఇది జరిగినవారు 2008లో 74 శాతం, 2014లో 61 శాతం. చదువుకున్నవారు, నగరాల్లో పెరిగినవారు ఎక్కువగా వ్యతిరేకిస్తున్నారు. దక్షిణాన ఉన్న ఎగువ ఈజిప్టు పల్లెల్లో ఆచారం పట్టు ఇంకా బలంగానే ఉంది.

ఆరోగ్య ప్రచారం వల్ల అనుకోని ఫలితం కూడా వచ్చింది. ప్రమాదకరమని విన్న తల్లులు చాలామంది ఆచారాన్ని మానలేదు. మంత్రసానిని మాని డాక్టరు దగ్గరికి వెళ్లారు. 2014 నాటికి కోతకు గురైన ప్రతి పదిమంది బాలికల్లో సుమారు ఎనిమిది మందికి అది వైద్య సిబ్బంది చేతుల మీదుగానే జరిగింది. మత్తుమందు ఇచ్చి, శుభ్రమైన కత్తితో చేసినంత మాత్రాన హాని హాని కాకపోదు. 2013లో పదమూడేళ్ల బాలిక ఒక డాక్టరు చేతిలోనే ప్రాణం కోల్పోయింది. 2015లో అతనికి శిక్ష పడింది. దేశంలో ఈ నేరానికి పడిన తొలి శిక్ష అదే.

2008లో చట్టం దీన్ని నేరం చేసింది, 2016లో తీవ్ర నేరంగా మార్చింది. 2021 సవరణ ప్రకారం బాలిక మరణిస్తే వైద్యులకు 20 ఏళ్ల వరకు జైలు పడవచ్చు. శిక్ష పడిన కేసులు మాత్రం చాలా తక్కువ.