క్యాన్సర్ నుంచి కోలుకున్నవారికి ఆన్‌లైన్ వ్యాయామ శిక్షణ: ఆధారాలు, అవకాశాలు, జాగ్రత్తలు

శస్త్రచికిత్స, కీమోథెరపీ, రేడియేషన్ ముగించుకుని ఇల్లు చేరిన క్యాన్సర్ రోగికి మన కుటుంబాల్లో అందరూ చెప్పే సలహా ఒక్కటే: కదలకుండా విశ్రాంతి తీసుకోమని. అందులో ఆప్యాయత ఉంది కానీ వైద్యశాస్త్రం మాత్రం అందుకు భిన్నంగా చెబుతోంది. అమెరికన్ కాలేజ్ ఆఫ్ స్పోర్ట్స్ మెడిసిన్ 2010లో సమావేశపరచిన నిపుణులు, క్యాన్సర్ రోగులు కదలిక లేకుండా ఉండిపోరాదని స్పష్టం చేశారు. 2019లో వెలువడిన సవరించిన సూచనలు మరింత నిర్దిష్టమైనవి. వారానికి మూడు రోజులు, రోజుకు 30 నిమిషాల చొప్పున ఓ మోస్తరు వేగంతో నడక వంటి వ్యాయామం, దానికి తోడు రెండు రోజులు కండరాలకు బలం చేకూర్చే కసరత్తు రెండు మూడు నెలలు చేస్తే అలసట, ఆందోళన, కుంగుబాటు తగ్గుతాయని అవి పేర్కొన్నాయి.

అలసట తగ్గడం ఒక ఎత్తు, ఆయుష్షు పెరగడం మరో ఎత్తు. ఈ రెండో ప్రశ్నకు బలమైన సమాధానం 2025 జూన్‌లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్ ప్రచురించిన ఛాలెంజ్ పరిశోధనలో లభించింది. పెద్దపేగు క్యాన్సర్‌కు శస్త్రచికిత్స, కీమోథెరపీ పూర్తయిన 889 మందిని ఇందులో రెండు బృందాలుగా విభజించారు. ఒక బృందానికి ఆరోగ్య సమాచార పుస్తకాలు మాత్రమే ఇచ్చారు. రెండో బృందానికి వాటితో పాటు మూడేళ్ల వ్యాయామ కార్యక్రమం అందించారు. ఎనిమిదేళ్ల తర్వాత వ్యాయామ బృందంలో 90.3 శాతం మంది, రెండో బృందంలో 83.2 శాతం మంది జీవించి ఉన్నట్లు అంచనా వేశారు. కొత్త మందు ఏదైనా ఇటువంటి ఫలితం చూపి ఉంటే దాని ధర గురించి పెద్ద చర్చే జరిగి ఉండేది.

ఇక్కడ గమనించవలసిన విషయం మరొకటి ఉంది. ఆ మూడేళ్లూ రోగులను వారి మానాన వదిలేయలేదు. తొలి ఆరు నెలలు శిక్షకులు రెండు వారాలకొకసారి వారిని ముఖాముఖి కలిశారు. ఆ తర్వాతి సంప్రదింపులు నేరుగానో, దూరం నుంచో జరిగాయి. ఎవరో ఒకరు క్రమం తప్పకుండా పలకరించడం వల్లనే అలవాటు నిలిచింది. అయితే ఆసుపత్రికి వందల కిలోమీటర్ల దూరంలో ఉన్నవారిని పలకరించేదెవరు? ఆన్‌లైన్ కార్యక్రమాల అవసరం ఇక్కడే మొదలవుతుంది.

ఈ ప్రయత్నం ఇంటర్నెట్ విస్తరించడానికి ముందే, టెలిఫోన్, తపాలా ద్వారా ఆరంభమైంది. అమెరికా, కెనడా, బ్రిటన్‌లలో 65 ఏళ్లు పైబడి, అధిక బరువుతో ఉన్న 641 మంది క్యాన్సర్ విజేతలపై జరిపిన రెన్యూ అధ్యయనం 2009లో వెలువడింది. ఏడాది పాటు ఫోన్‌లో సలహాలు, తపాలాలో పుస్తకాలు అందుకున్నవారిలో శారీరక సామర్థ్యం క్షీణించే వేగం తగ్గింది. ఆ తర్వాత నెదర్లాండ్స్‌లో ఆంకోయాక్టివ్ అనే కార్యక్రమం ప్రోస్టేట్, పెద్దపేగు క్యాన్సర్ రోగులకు అడుగులు లెక్కించే పరికరం ఇచ్చి, వారి సమాధానాలను బట్టి కంప్యూటర్ రూపొందించిన సలహాలను అందించింది. వెబ్‌సైట్ వాడలేని వృద్ధుల కోసం అవే సలహాలను ముద్రించి కూడా ఇచ్చారు. ఇది చిన్న ఏర్పాటులా కనిపించినా, మన దేశంలో ఇటువంటి పథకాలు రూపొందించేవారు తప్పక గమనించదగినది. కెనడాలో కాల్గరీ విశ్వవిద్యాలయం నాయకత్వంలో నడిచే ఎక్సెల్ కార్యక్రమం గ్రామీణ, మారుమూల ప్రాంతాల వారి కోసమే ఏర్పడింది. వారానికి రెండుసార్లు చొప్పున 8 నుంచి 12 వారాల పాటు చిన్న చిన్న బృందాలకు వీడియో ద్వారా తరగతులు నిర్వహిస్తారు.

పేర్లు వేరైనా ఇటువంటి కార్యక్రమాల పద్ధతి ఇంచుమించు ఒకటే. ముందుగా రోగి పరిస్థితి తెలుసుకుంటారు. అందుకోదగిన లక్ష్యం నిర్ణయిస్తారు. ఫోన్‌లోనో చేతి పట్టీలోనో అడుగులు నమోదవుతాయి, వారం చివర సమీక్ష ఉంటుంది. బలహీనత కూడా ఇక్కడే ఉంది. తెర వెనుక మనిషి లేని యాప్‌ను చాలామంది కొద్ది వారాల్లోనే పక్కన పెట్టేస్తారు. పైగా వీటిలో చేరేవారిలో చదువు, ఆరోగ్యంపై శ్రద్ధ ఇదివరకే ఉన్నవారు ఎక్కువ.

భారత వైద్య పరిశోధన మండలి అంచనా ప్రకారం 2022లో దేశంలో కొత్తగా 14.6 లక్షల క్యాన్సర్ కేసులు నమోదయ్యాయి. అదే సంవత్సరానికి సంబంధించి ప్రపంచ ఆరోగ్య సంస్థ నిపుణులు వేసిన లెక్కలో దేశంలోని వయోజన మహిళల్లో 57 శాతం మందికి తగినంత శారీరక శ్రమ లేదు. ఉత్తరాంధ్ర పల్లె నుంచి విశాఖపట్నంలోని హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రికో, తెలంగాణ జిల్లాల నుంచి హైదరాబాద్‌లోని ఎం.ఎన్.జె. సంస్థకో వచ్చే రోగి వ్యాయామ శిక్షణ కోసం వారానికి రెండుసార్లు ప్రయాణించడం అసాధ్యం. ఈ-సంజీవని వంటి సేవల వల్ల దూర వైద్యం ప్రజలకు ఇప్పటికే పరిచయమైంది. దానికి తెలుగులో వ్యాయామ సలహా తోడైతే ఖర్చు పెద్దగా పెరగదు. అయితే ఇంటిల్లిపాదికీ ఒకే ఫోన్ ఉన్నచోట, అది పగలంతా ఇంటి యజమాని జేబులోనే ఉండిపోతే, మధ్యాహ్నపు వీడియో తరగతి ఆ ఇంటి మహిళకు అందదు. ఇంటిపని, పొలంపని కూడా శారీరక శ్రమ కిందకే వస్తాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ మార్గదర్శకాలు చెబుతున్నాయి. సలహా ఇచ్చేవారు ఆ సంగతి అడిగి తెలుసుకోవాలి.

రొమ్ము క్యాన్సర్ శస్త్రచికిత్స తర్వాత చేయి వాపు వచ్చినవారు బరువులు ఎత్తరాదన్న నమ్మకం ఇంకా బలంగా ఉంది. 2009లో ప్రచురితమైన ఒక అధ్యయనంలో, ఇటువంటి వాపు ఉన్న 141 మంది మహిళలను పరిశీలించారు. శిక్షకుల పర్యవేక్షణలో క్రమక్రమంగా బరువులు ఎత్తినవారిలో వాపు పెరగలేదు సరికదా, అది తీవ్రమయ్యే సందర్భాలు 29 శాతం నుంచి 14 శాతానికి తగ్గాయి. పర్యవేక్షణలో, క్రమక్రమంగా అన్న మాటలను మాత్రం విస్మరించరాదు.

వ్యాయామం వల్ల ఇబ్బందులు రావని కాదు. ఛాలెంజ్ పరిశోధనలో కండరాలు, కీళ్ల సమస్యలు వ్యాయామ బృందంలో 18.5 శాతం మందికి, రెండో బృందంలో 11.5 శాతం మందికి వచ్చాయి. క్యాన్సర్ ఎముకలకు పాకినవారు, గుండె జబ్బు ఉన్నవారు, రక్తహీనత తీవ్రంగా ఉన్నవారు, కీమోథెరపీ వల్ల పాదాలు తిమ్మిరెక్కి తూలిపడే ప్రమాదం ఉన్నవారు చికిత్స చేసిన వైద్యుని సంప్రదించిన తర్వాతే ఏ కార్యక్రమంలోనైనా చేరాలి. మిగిలినవారు రోజుకు పది నిమిషాల నడకతో ఆరంభించి, వారం వారం కొద్దిగా పెంచుకోవచ్చు. నడుస్తుండగా మాట్లాడగలిగి, పాట పాడలేనంత వేగం ఉంటే అది మోస్తరు శ్రమ. ఛాతీలో నొప్పి, కళ్లు తిరగడం, ఎముకల్లో కొత్తగా నొప్పి కనిపిస్తే వ్యాయామం ఆపి వెంటనే వైద్యునికి తెలియజేయాలి.